ప్రెస్ కార్డుతో తీసిన కాలేజీ ఆటల ఫోటోలు: అమ్మే హక్కు ఎవరిది?

కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలో గానీ, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో గానీ కాలేజీల మధ్య పోటీలు జరిగితే గీత పక్కన మూడు రకాల కెమెరాలు కనిపిస్తాయి. ఒకటి పత్రిక వాళ్లది. ఇంకొకటి కాలేజీ డబ్బిచ్చి పిలిపించుకున్న స్టూడియో వాళ్లది. మూడోది ఎవరి చేతిలోనైనా ఉండే సెల్‌ఫోను. ఈ ముగ్గురిలో ఆటకు అందరికన్నా దగ్గరగా వెళ్లనిచ్చేది మొదటివాణ్నే. కబడ్డీలో రైడర్ కూత పెడుతూ అవతలి కోర్టులోకి దూరి బోనస్ గీత మీదుగా కాలు చాపుతాడు, అదే క్షణంలో డిఫెండర్ వాడి చీలమండ పట్టేస్తాడు. ఆ ఫోటో గ్యాలరీలో కూర్చుంటే రాదు. ఎండ్ లైన్ వెనక దుమ్ములో బోర్లా పడుకుంటేనే వస్తుంది. అక్కడ పడుకునే చోటు ఇచ్చింది మెడలో వేలాడే ప్రెస్ కార్డు.

వార్త కోసం ఇచ్చిన ఆ చోటు నుంచి తీసిన ఫోటోను పత్రికలో వేసుకోవడంతో ఆగాలా, బయట అమ్ముకోవచ్చా? అమ్మితే ఎవరికి? ఆ డబ్బులో, అసలు ఆ నిర్ణయంలో, ఆడినవాళ్లకు పాలు ఉందా? మన ఉత్తర తెలంగాణలో ఈ ప్రశ్నలు రోజూ తలెత్తుతున్నా ఎవరూ కాగితం మీద పెట్టలేదు. అడిగితే ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. 'మా గ్రౌండ్‌లో తీసింది మాదే' అంటుంది కాలేజీ. 'మా కార్డుతో తీసింది మాదే' అంటుంది పత్రిక. 'నా కెమెరా, నా కష్టం' అంటాడు ఫోటోగ్రాఫర్. ఆడిన పిల్లను మాత్రం ఎవరూ అడగరు. చట్టం చెప్పేది ఈ మూడు వాదనల్లో దేనికీ పూర్తిగా సరిపోదు.

ముందు ఆ ఫోటోగ్రాఫర్ ఎవరో తెలియాలి. 1989లో 'ఈనాడు' జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక తెలుగు పత్రికల్లో ఊరి వార్తకు, ఊరి ఆటకు చోటు దొరికింది. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ జిల్లాలోంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, పాత ఆదిలాబాద్‌లోంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ విడివడ్డాయి. కొత్త జిల్లా కేంద్రాలతో పాటు జిల్లా వార్తలకు కొత్త పేజీలూ వచ్చాయి. ఆ పేజీలను నింపేవాళ్లలో నెల జీతం ఉన్నవాళ్లు కొద్దిమంది, కంట్రిబ్యూటర్లు ఎక్కువమంది. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్త కొలతను బట్టి, వచ్చే కొద్దిపాటి డబ్బే వాళ్ల రాబడి. కెమెరా, లెన్సు, బండి, పెట్రోలు అన్నీ సొంతం. చాలామందికి పక్కనే స్టూడియో కూడా ఉంటుంది. పొద్దున పెళ్లి, సాయంత్రం కబడ్డీ. పోటీలు ముగిసిన రాత్రి 'అన్నా, మావోడిది కప్పు తీసుకునే ఫోటో పెట్టవా' అని ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోటోను పెద్ద సైజులో ప్రింటు తీసి ఫ్రేము కట్టించి ఇస్తే నాలుగు డబ్బులు వస్తాయి. దాన్ని తప్పనడానికి నాకు మనసు రాదు.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫోటోకు కర్త దాన్ని తీసిన మనిషి. కెమెరా ఎవరిదైనా, గ్రౌండ్ ఎవరిదైనా మొదటి సూత్రం ఇదే. హక్కు వేరేవాళ్లకు పోయే సందర్భాలను సెక్షన్ 17 చెబుతుంది. మన విషయానికి అందులో మూడు పనికొస్తాయి.

మొదటిది పత్రిక ఉద్యోగి గురించి. పత్రికలో కొలువు చేస్తూ పత్రిక కోసం తీసిన ఫోటో మీద యజమాని హక్కు పత్రికల్లో ప్రచురించుకునే మేరకే ఉంటుంది. మిగతా అన్ని విషయాల్లో మొదటి హక్కుదారు ఫోటోగ్రాఫరేనని చట్టం సూటిగా చెబుతోంది. అంటే జీతం తీసుకునే ఫోటోగ్రాఫర్ కూడా, నియామక పత్రంలో వేరే ఒప్పందం లేకపోతే, తను తీసిన ఆట ఫోటోను ప్రింటుగానో పుస్తకంలోనో అమ్ముకోవచ్చు. ఈ సంగతి మన డెస్కుల్లో చాలామందికి తెలియదు. పెద్ద సంస్థలు నియామక పత్రంలో సంతకం పెట్టించుకుని ఈ హక్కును తమ వైపు తిప్పుకోవడం మామూలే కాబట్టి, ఎవరికి వారు తమ కాగితం తీసి చదువుకోవాలి.

రెండోది ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో. అలా తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చినవాళ్లే మొదటి హక్కుదారులు. స్టూడియో అతణ్ని కాలేజీ పిలిపించుకుంటే ఆ ఫోటోలు కాలేజీవి. మన దగ్గర చిక్కంతా ఇక్కడే. ప్రెస్ కార్డు వేసుకుని వచ్చిన కంట్రిబ్యూటర్‌కు 'పెట్రోలు ఖర్చులకు' అంటూ కాలేజీ ఒక కవరు ఇస్తుంది. ఆ కవరు పుచ్చుకున్నాక అతను వార్తకు వచ్చాడా, కాలేజీ పనికి వచ్చాడా? రేపు కాలేజీ ఆ ఫోటోను ప్రకటనలో వేసుకుంటే 'మేం డబ్బిచ్చి తీయించుకున్నాం' అని వాదించే దారి ఆ కవరే తెరుస్తుంది. వార్త రాసేవాడు ఎవరి గురించి రాస్తున్నాడో వాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం వృత్తి ధర్మానికే చెరుపు. పైగా తన హక్కును కూడా తనే పోగొట్టుకునే పని అది.

మూడోది పత్రికేతర సంస్థల ఉద్యోగులది. కాలేజీలో జీతం తీసుకునే మనిషి ఉద్యోగంలో భాగంగా తీసింది కాలేజీదే.

లైన్ అకౌంట్ కంట్రిబ్యూటర్ మామూలుగా ఈ మూడింటిలో దేనికిందికీ రాడు. అతను ఉద్యోగి కాదు, పత్రికే ఆ మాట పదేపదే చెబుతుంది. ఉద్యోగి కానివాడి ఫోటో మీద హక్కు పత్రికకు రావాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ జరగాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్కకడుతుంది. బాధ్యతలు వచ్చినప్పుడు 'నువ్వు మా ఉద్యోగివి కావు', ఫోటో దగ్గరికి వచ్చేసరికి 'అది మా సొత్తు' అనడం చట్టం ముందు నిలవదు.

కేరళలో దీనికి దగ్గరి తగవు ఒకటి నడిచింది. 'బోబన్, మోలీ' బొమ్మలతో మలయాళ పాఠకుల్లో పేరు తెచ్చుకున్న కార్టూనిస్టు టామ్స్ మలయాళ మనోరమ ఉద్యోగం మానేశాక, ఆ పాత్రలతో బయట కొత్తగా బొమ్మలు గీయకుండా ఆపాలని పత్రిక కోర్టుకెక్కింది. ఉద్యోగం ముగిశాక అతను గీసే బొమ్మల మీద పత్రికకు హక్కు ఉండదని 1988లో కేరళ హైకోర్టు చెప్పింది. బొమ్మ వేరు, ఫోటో వేరు. అయినా పత్రిక హక్కు ఎక్కడ ఆగుతుందో చూపిన తీర్పుగా మన ఫోటోగ్రాఫర్లు దాన్ని గుర్తుంచుకోవాలి.

గడువు సంగతి ఒక్క ముక్కలో. ఒకప్పుడు ఫోటో మీద హక్కు ప్రచురించిన నాటినుంచి 60 ఏళ్లు ఉండేది. 2012 సవరణ తర్వాత ఫోటోగ్రాఫర్ బతికున్నంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు. కాబట్టి ఇవాళ తీసిన కబడ్డీ ఫోటో మీద మనవల దాకా హక్కు ఉంటుంది.

ఇక 'మా గ్రౌండ్' వాదన. ఆట మీద కాపీరైట్ ఎవరికీ లేదు. శాతవాహన విశ్వవిద్యాలయం కాలేజీల మధ్య పోటీ పెట్టినా, ఆదిలాబాద్ కాలేజీలు అనుబంధంగా ఉన్న కాకతీయ విశ్వవిద్యాలయం జట్టు ఎంపిక పోటీలు పెట్టినా, జరిగిన ఆట ఒక ఘటన. దాన్ని సొంతం చేసుకునే చట్టమేదీ లేదు. కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కులని ఒక భాగం ఉంది. ప్రదర్శకుల జాబితాలో నటులు, గాయకులు, నర్తకులతో పాటు గారడీవాళ్లు, పాములవాళ్లు కూడా ఉన్నారు. ఆటగాళ్ల పేరు విడిగా లేదు. 'ప్రదర్శన ఇచ్చే మరెవరైనా' అన్న మాటలో వాళ్లను కలపవచ్చని వాదించేవాళ్లు ఉన్నారు. కలిపినా ఆ భాగం చెప్పే దృశ్య రికార్డింగ్ కదిలే బొమ్మల గురించి. నిలిచిన ఫోటోకు అది వర్తించదు.

మరి నిర్వాహకుల చేతిలో ఏముంది? గేటు ఉంది. స్థలం ఎవరి అధీనంలో ఉంటే వాళ్లు షరతు పెట్టి లోపలికి రానివ్వవచ్చు. ఆ షరతుకు ఒప్పుకుని లోపలికి వెళ్లినవాడు దానికి కట్టుబడాలి. ప్రెస్ కార్డు మీద ఆంక్షలన్నీ పుట్టేది ఈ ఒప్పందం నుంచే, కాపీరైట్ నుంచి కాదు. ఇందులో ఒక మెలిక ఉంది. షరతు ముందే చెప్పి ఉండాలి. పోటీలు ముగిసి, ఫోటోలు పత్రికలో వచ్చాక 'మా అనుమతి లేకుండా అమ్మావు' అని కాలేజీ తిరగబడితే ఆ మాటకు బలం లేదు. మన దగ్గర పీడీ సార్ వాట్సాప్‌లో పంపే ఆహ్వానంలో వేళ, వేదిక, ముఖ్య అతిథి పేరు ఉంటాయి. ఫోటోల గురించి ఒక్క ముక్క ఉండదు.

కార్డుల్లోనూ తేడా ఉంది. ప్రభుత్వం ఇచ్చే అక్రెడిటేషన్ వేరు, పత్రిక ఇచ్చే గుర్తింపు కార్డు వేరు, ఆ ఒక్క పోటీకి నిర్వాహకులిచ్చే పాసు వేరు. జిల్లాలో అక్రెడిటేషన్ కలెక్టర్ ఆధ్వర్యంలోని కమిటీ ద్వారా వస్తుంది. ఆర్టీసీ బస్సులో రాయితీ లాంటి సదుపాయాలు దాంతో వస్తాయి. వార్త సేకరించే పనికి ప్రభుత్వమిచ్చిన గుర్తింపు అది. దాన్ని చూపించి గేటు దాటి ఫ్లెక్సీ వ్యాపారానికి ఫోటోలు తీయడం ఆ గుర్తింపును పక్కదారి పట్టించడమే. చట్టం ఫోటోను అతనిదే అనవచ్చు. అయినా ఆ పని తప్పేనని నా అభిప్రాయం.

ఈ తగవు పెద్ద మైదానాల్లో ముందే నడిచింది. 2008లో ఐపీఎల్ తొలి సీజన్ ముందు అక్రెడిటేషన్ షరతుల మీద పత్రికలు, వార్తాసంస్థలు క్రికెట్ బోర్డు బీసీసీఐతో గట్టిగా తగవుపడ్డాయి. 2012 నవంబరులో ఇంగ్లండ్ జట్టు టెస్టులు ఆడడానికి వచ్చినప్పుడు గెట్టీ ఇమేజెస్ లాంటి ఫోటో ఏజెన్సీలను బీసీసీఐ లోపలికి రానివ్వలేదు. ఫోటోలు అమ్ముకునే వ్యాపార సంస్థలకు, వార్తాసంస్థలకు మధ్య గీత గీశామన్నది బోర్డు వాదన. ఇవాళ ఫోటో ఏజెన్సీలను ఆపితే రేపు పత్రికలను ఆపుతారంటూ రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ కవరేజీ నిలిపేశాయి. బోర్డు గీసిన గీతలో కొంత న్యాయం ఉంది, వార్తకూ వ్యాపారానికీ తేడా ఉండాల్సిందే. కానీ ఆ గీతను బోర్డు ఒక్కటే గీసి, ఎవరు వార్తవాళ్లో తనే తేల్చింది. తనకు సొంత ఫోటోల వ్యాపారం ఉన్నవాడు ఎదుటివాడి హద్దు నిర్ణయిస్తే ఆ హద్దును ఎవరూ నమ్మరు.

విద్యార్థి ఆటల మీద అచ్చంగా ఇదే గొడవ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జరిగింది. అక్కడి హైస్కూల్ క్రీడల సంఘం ఒక ప్రైవేటు ఫోటో సంస్థతో ఒప్పందం చేసుకుని, ప్రింట్లు అమ్మే హక్కు దానికే అంది. 2007 నవంబరులో, ప్రింట్లు అమ్మబోమని ఒప్పుకోని పత్రికల ఫోటోగ్రాఫర్లను రాష్ట్ర ఫుట్‌బాల్ ఫైనల్స్ మైదానంలోకి రానివ్వలేదు. పత్రికల సంఘం కోర్టుకెళ్లింది. 2008లో రాజీ కుదిరి, పత్రికలు ఫోటోలు తీయడానికీ తల్లిదండ్రులకు ప్రింట్లు అమ్ముకోవడానికీ దారి దొరికింది. అక్కడి విశ్వవిద్యాలయాల పోటీల్లో ప్రెస్ పాసు వెనక షరతులు మామూలే: ఫోటో వార్తకే, ప్రకటనకు కాదు. ఇక 2021 జులై 1 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ముఖం, రూపం మీద డబ్బు సంపాదించుకోవచ్చని అక్కడి జాతీయ సంఘం ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. అంతకుముందు దశాబ్దాల పాటు కాలేజీలు కోట్లు గడించినా ఆడినవాళ్లకు అందులో వాటా లేదు.

ఆ షరతుల్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే సరిపోతుందా అంటే సరిపోదు. మన దగ్గర ప్రింట్ల వ్యాపారం చిన్నది. డబ్బు కదిలేది అడ్మిషన్ల కాలంలో. రాష్ట్రస్థాయిలో పతకం తెచ్చిన అమ్మాయి ఫోటో మే నెలలో చౌరస్తా ఫ్లెక్సీ మీద, కరపత్రం మీద, బస్సు వెనక కనబడుతుంది. పక్కన కాలేజీ పేరు, ఫోన్ నంబరు. ఒక్కోసారి ఆ కాలేజీలో చదవని అమ్మాయి ముఖం కూడా, 'క్రీడలకు ప్రోత్సాహం' అన్న మాట కింద. పత్రిక కోసం తీసిన ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి డీటీపీ సెంటర్‌కు చేరి ఫ్లెక్సీ అయిపోతుంది. తీసినవాడికి పైసా రాదు, ఆ అమ్మాయికి కబురైనా అందదు.

రెండో తేడా ఇంకా పెద్దది. మన మాటల్లో కాలేజీ అంటే ఇంటర్ నుంచే. కాలేజీ కబడ్డీ, కాలేజీ ఖోఖో అన్నప్పుడు ఆడేవాళ్లలో చాలామందికి 16, 17 ఏళ్లే. అమెరికా విశ్వవిద్యాలయాల షరతులు 18 దాటినవాళ్లను మనసులో పెట్టుకుని రాసినవి. ఇక్కడ మైనర్ సంతకం పెట్టినా ఆ ఒప్పందం చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద 1903లోనే ప్రివీ కౌన్సిల్ ఆ విషయం తేల్చేసింది. కరీంనగర్, ఆదిలాబాద్‌లలో క్రీడా పాఠశాలలు ఉన్నాయి. గురుకులాల జట్లు ఉన్నాయి. చిన్నప్పటినుంచీ హాస్టల్లో ఉండి ఆడే పిల్లలు వీళ్లు. జైనూరులోనో నార్నూరులోనో ఉన్న అమ్మానాన్నలకు బిడ్డ ఫోటో ఏ చౌరస్తాలో వేలాడుతోందో తెలిసే దారి లేదు.

ఆ బిడ్డకు చట్టంలో చోటు లేదనుకుంటే పొరపాటు. 1994లో ఆర్.రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, ఒక మనిషి పేరునో రూపాన్నో అనుమతి లేకుండా ప్రకటనలకు వాడుకోవడం గోప్యత హక్కుకు భంగమేనని చెప్పింది. ఆ మాట సినిమా తారలకే అని అనలేదు. 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2003లో ఐసీసీ, ఆర్వీ ఎంటర్‌ప్రైజెస్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది మన కాలేజీలకు నేరుగా తగులుతుంది: ప్రచార హక్కు మనిషికే ఉంటుంది, ఆటను నిర్వహించే సంస్థకు ఉండదు. అంటే పోటీ పెట్టినంత మాత్రాన ఆటగాడి ముఖం కాలేజీ సొత్తు కాదు.

ఈ హక్కుకూ హద్దులున్నాయి. హైదరాబాద్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ సహా కొందరు క్రికెటర్లు వాదులుగా చేరిన, ఆటగాళ్ల పేరు, రూపం వాడిన డిజిటల్ కార్డుల కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. వార్త, కళ, వ్యంగ్యం, చదువు లాంటి వాటికి పేరు, రూపం వాడుకోవడాన్ని ఈ హక్కు అడ్డుకోదని చెప్పింది. పత్రికకు ఇది అవసరమైన రక్షణ. ఓడిపోయిన జట్టు ఫోటో వేయొద్దని, గొడవ ఫోటో తీసేయాలని కాలేజీ ఒత్తిడి చేసినప్పుడు పత్రిక నిలబడేది దీని మీదే. ఆటగాళ్ల రక్షణ పేరుతో వార్తా ఫోటోకే తాళం వేసే నియమం ఏదొచ్చినా నేను ఒప్పుకోను.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి రుజువు చేసుకునేలా ఉండాలి. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. పేరు, కాలేజీ, ఊరు రాసి ఉన్న డిజిటల్ ఫోటో ఈ చట్టం పరిధిలోకి వస్తుంది. పత్రికల పనికి ఇందులో విడిగా మినహాయింపు లేదని సంపాదకులు ఆందోళన పడుతున్నారు. ఆ ఆందోళన నిజమైనదే. ఫోటోలను వెబ్‌సైట్లో పెట్టి ముఖం వెతుక్కుని కొనుక్కోమనే వ్యాపారం మన జిల్లాలకు వస్తే మొదట తగిలేది కూడా ఈ చట్టమే.

సినిమా నటులు ఢిల్లీ హైకోర్టుకెళ్లి తమ రూపానికి రక్షణ తెచ్చుకుంటున్నారు. 2025 సెప్టెంబరులో నాగార్జున అలాగే తెచ్చుకున్నారు. ఉట్నూరు కబడ్డీ అమ్మాయి ఢిల్లీ వెళ్లలేదు. అందుకే ఆమె హక్కు కోర్టులో కాకుండా గేటు దగ్గరే, ఆట మొదలుకాకముందే కుదరాలి.

నాకు సరైనదనిపించే ఏర్పాటు పెద్దదేమీ కాదు, ఒక్క కాగితం. పోటీ నిర్వాహకులు పాసుతో పాటు అది ఇవ్వాలి. వార్తకు వాడుకోవడం మీద ఏ షరతూ ఉండకూడదు. ఆ ఫోటోను ఆడినవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు, జట్టుకు ప్రింటుగానో ఫైలుగానో అమ్మే స్వేచ్ఛ ఫోటోగ్రాఫర్‌కు ఉండాలి. ఇందులో కాలేజీకి వాటా అక్కర్లేదు, అనుమతీ అక్కర్లేదు. కప్పు పట్టుకున్న కొడుకు ఫోటో కోసం ఒక తండ్రి ఇచ్చే డబ్బు, ఎండలో పడుకుని తీసినవాడి కష్టానికి కూలి. దాన్ని ఉచితంగా ఇమ్మని కాలేజీలు ఆజ్ఞాపించడం కూడా అన్యాయమే. కాలేజీకి ఫోటోలు కావాలంటే రేటు మాట్లాడుకుని కొనుక్కోవాలి, లేదంటే తన స్టూడియో మనిషిని పెట్టుకోవాలి. ఆ మనిషి మెడలో ప్రెస్ కార్డు ఉండకూడదు.

ప్రకటనకు అమ్మడం మాత్రం ప్రెస్ పాసు మీద తీసిన ఫోటోకు పూర్తిగా మూసేయాలి, ఆటగాళ్లు రాసిచ్చిన అనుమతి ఉంటే తప్ప. ఆ అనుమతి ఫలానా ఫ్లెక్సీకి, ఫలానా ఏడాదికి అని విడిగా ఉండాలి. చేరేటప్పుడు అడ్మిషన్ ఫారం చివర చిన్న అక్షరాల్లో ఇచ్చిన గంపగుత్త అంగీకారం లెక్కలోకి రాకూడదు. డబ్బు వస్తే ఆటగాళ్లకు వాటా ఉండాలి. ఈ నమూనాను శాతవాహన, కాకతీయ విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాలు, జూనియర్ కాలేజీల అండర్-19 పోటీలు నడిపేవాళ్లు, జిల్లా ప్రెస్ క్లబ్బులు కూర్చుని రాసుకోవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.

కాగితం మీద గట్టిగా పట్టుబట్టాల్సిన మాట ఇంకొకటి ఉంది. మైనర్ తరఫున సంతకం ఎవరిది? హాస్టల్ పిల్లల విషయంలో ప్రిన్సిపాల్ సంతకం చాలని అనడం తేలిక, ఇప్పుడు జరిగేది కూడా అదే. కానీ మే నెలలో ఆ ఫోటోను ఫ్లెక్సీ మీద వేయించేది ఆ కాలేజీయే. కొనేవాడే అమ్మేవాడి తరఫున సంతకం పెట్టడం ఏ బేరంలోనూ చెల్లదు. అక్కడ ఉండాల్సింది అమ్మానాన్నల సంతకం, చదువు రాకపోతే వేలిముద్ర, వాళ్ల భాషలో చదివి వినిపించాక. గోండు ఇంటికి ఆ కాగితం తెలుగులో వెళ్లి లాభం లేదు, గోండీలో చెప్పే మనిషి వెంట వెళ్లాలి. అంత శ్రమ ఎందుకనుకునే కాలేజీ ఆ ముఖం లేకుండానే ఫ్లెక్సీ వేసుకోవచ్చు.